స్టీఫెన్ చేసిన అర్ర

9 ఫిబ్రవరి, ఆదివారం

చర్చి నుంచి వచ్చి చీర మార్చుకోకముందే కాశిఫ్ ఫోన్. హైదరాబాద్‌లో మా తమ్ముడి పక్క కుర్చీలో కూర్చుని పనిచేసినవాడు. ఆగస్టులో స్టీఫెన్ డెంగీతో పోయిన రోజు దవాఖాన మెట్ల మీద కూర్చుని మాకంటే ఎక్కువ ఏడ్చినవాడు. అప్పటి నుంచి వాడి పేరు ఫోన్ మీద కనబడితే ఇంకేదో చెడ్డవార్త మిగిలి ఉందేమోనని భయం. పోయినవాడి గురించి ఇంకేం చెడ్డవార్త వస్తుంది, నా పిచ్చి కాకపోతే.

"అక్కా, మేం చేసిన గేమ్ రిలీజైంది. స్టీఫెన్ చేసిన అర్ర గూడ అందులో ఉన్నది. తీసేస్తరేమో అనుకున్న. తియ్యలే."

ఏ అర్ర అని అడిగాను.

"మీ మగ్గం అర్ర. ముందటేడు క్రిస్మస్‌కు వచ్చినప్పుడు టేపు పెట్టి కొలుచుకొని పోయిండు. యాదికి లేదా?"

ఎందుకు లేదు. గోడలు, గడప, కిటికీ అన్నీ కొలుస్తుంటే "ఇల్లు బేరం పెట్టినవా ఏందిరా" అని ఎగతాళి చేశాను. వాడు నవ్వి, టేపు కొస నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు.

ఆట పేరు 'ఆకాశపు వాడ'. కళ్లకు డబ్బా కట్టుకుని ఆడే రకం. మబ్బుల మీద ఇళ్లు తేలుతుంటాయట. గాలిపటం దారం పట్టుకుని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవాలట. పోయిన ప్రతి ఇంట్లో దీపం పెట్టాలట. గెలుపు లేదు, ఓటమి లేదు. ఇదెక్కడి ఆటో నాకు అర్థం కాలేదు. స్టీఫెన్‌కు అర్థమయ్యే ఉంటుంది.

బాపుకు చూపించాలి. చూపు ఉండగానే చూపించాలి.

12 ఫిబ్రవరి, బుధవారం

బాపును హనుమకొండ కళ్ల దవాఖానకు తీసుకుపోయాను. నీటికాసుల జబ్బు ఇంకొంచెం ముందుకు జరిగింది. పక్కచూపు దాదాపు పోయింది. నడిమి చూపు మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కలే కాపాడాలని, ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. దీపాల చుట్టూ రంగు వలయాలు కనబడినా, పొగ కమ్మినట్టున్నా వెంటనే రమ్మంది. బాపు బడిపిల్లాడిలా తలూపాడు.

ఆటోలో ఆట సంగతి చెప్పాను. మా కాశిబుగ్గలో దిగాక, చిల్లర ఇస్తుంటే బాపు అడిగాడు.

"దాని మీద నేత ఉన్నదా బిడ్డా, ఉత్త మగ్గమేనా?"

తెలియదన్నాను. జంపఖానాలు నేసి నేసి అరిగిన ఆ వేళ్లు జేబు అంచును పట్టుకుని నలుపుతూనే ఉన్నాయి. పోగులు కనబడటం లేదని మగ్గం విప్పేసిన రోజు కూడా ఇట్లాగే నలిపాడు. విప్పింది స్టీఫెనే. కాళ్లు పెట్టే గుంట మీద పలకలు పరిచింది కూడా వాడే.

20 ఫిబ్రవరి

మీసేవలో ఊరందరి ఆదాయం, కులం సర్టిఫికెట్లు నా చేతుల మీదుగానే పోతాయి. ప్రింటర్ మొరాయిస్తే ఎక్కడ తట్టాలో నాకు తెలుసు. అందుకే కంప్యూటర్ అంటే నాకు తెలుసనే ధీమా ఉండేది. ఇవాళ తీరింది.

ఇంట్లో ఉన్నది స్టీఫెన్ ఇంటర్‌లో వాడిన కంప్యూటర్. బొమ్మలు గీయడం దాని మీదే నేర్చుకున్నాడు. ఆట నడుస్తుందో లేదో పరీక్షించే ప్రోగ్రాం ఒకటి కాశిఫ్ పంపాడు. నడిపాను. వరుసగా ఎర్ర గుర్తులు. గ్రాఫిక్స్ కార్డు లేదు, ర్యామ్ చాలదు, హెడ్‌సెట్ తీగ పెట్టే సాకెట్ కూడా పాతది. ఒక్క పచ్చ గుర్తు వచ్చింది. కీబోర్డు ఉందట.

1 మార్చి, శనివారం

కిషన్ రావు కంప్యూటర్ దుకాణం. గ్రాఫిక్స్ కార్డు అడిగాను.

"గిది గేమింగ్ కార్డు మేడం. ఎవ్వలకు, పిల్లలకా?"

"మా బాపుకు."

"ఎన్నేండ్లుంటయి?"

"అరవై దాటినయి."

కార్డును మళ్లీ డబ్బాలో పెట్టి, ఈమె పూర్తిగా తెలివిలోనే ఉందా అన్నట్టు చూశాడు. "ఏం ఆడుతడు?"

"ఏం ఆడడు. ఇంట్ల కూసుంటడు," అన్నాను. నిజమే కదా, ఇంట్లో కూర్చోవడానికే ఇంత ఏర్పాటు. కిషన్ రావు ఇంకేం అడగలేదు. పక్కన ఫోన్ రిపేరు చేసుకుంటున్న సాయితేజ అనే కుర్రాడితో "ఇట్లాంటి బాపు నాకుంటే బాగుండురా" అనడం మాత్రం వినబడింది.

ఇదంతా బాపు కోసమే. నాకేం ఆటల పిచ్చి లేదు.

8 మార్చి, శనివారం

కార్డు పట్టలేదు. కార్డు పొడుగు, మా కంప్యూటర్ డబ్బా పొట్టి. లోపల హార్డ్ డిస్కులు పెట్టే రేకు గూడు అడ్డం. కాశిఫ్‌కు ఫోటో పంపితే "కోసెయ్ అక్కా, ఫికర్ లేదు" అన్నాడు. వాడిదేం పోయింది, అక్కడెక్కడో కూర్చుని.

బాపు మగ్గం సామాన్ల సంచిలోంచి రంపం తీసిచ్చాడు. డబ్బాను రెండు పాదాల మధ్య ఇరికించి పట్టుకుని "కొయ్యి" అన్నాడు. నేను కోశాను. రేకు అరుపుకు వాడకట్టంతా బయటికి వచ్చింది. కార్డు బల్లి గోడకు పట్టినట్టు పట్టింది.

అప్పుడు వచ్చింది అమ్మ, ప్రార్థన నూనె సీసాతో. కొత్తగా ఏది ఇంట్లోకి వచ్చినా మా అమ్మ ఏసమ్మ గారు దాని మీద నూనెతో సిలువ వెయ్యాలి. ఫ్రిజ్‌కు వేసింది, గ్యాస్ పొయ్యికి వేసింది. నా స్కూటీ హెడ్‌లైటుకు వేసిన సిలువ మీద దుమ్ము అంటుకుని ఇప్పటికీ నల్లగా ఉంది.

"కార్డుకు నూనె పెడ్తే కాలిపోతదమ్మా."

"ప్రార్థన చేసిన నూనె కాల్తదా?"

"కాల్తది. పైన డబ్బాకు పెట్టుకో."

డబ్బాకు పెట్టుకుంది, మొహం ముడుచుకుని. "లోపలి దానికి పెట్టకుంటే ఏం లాభం" అని గొణుక్కుంటూ పోయింది.

9 మార్చి

డబ్బా లోపల దుమ్ములో ఒక వెంట్రుక దొరికింది. స్టీఫెన్‌దే, ఆ రింగులు ఇంకెవరికీ లేవు. దుమ్మంతా తుడిచాను. దాన్ని ఉన్నచోటే ఉంచాను.

15 మార్చి, శనివారం

కంప్యూటర్ లేచింది. ఫ్యాన్లు తిరిగాయి. ఆట మొదలు పెట్టగానే టప్పుమని మొత్తం ఆరిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆరిపోయింది. కార్డు అడిగినంత కరెంటు పాత ఎస్‌ఎంపీఎస్ ఇవ్వలేకపోతున్నదట. కిషన్ రావు దగ్గరికే పోయి దులిపేశాను.

"ఇది సాలదని ఆనాడే చెప్పొద్దా?"

"మీరు బాపుకన్నరు మేడం. ఇంట్ల కూసుంటడన్నరు. గింత కరెంటు గుంజుతడని నాకేం ఎరుక."

నవ్వొచ్చింది, నవ్వలేదు. ముందుంది ముసళ్ల పండుగ, ఇంకా ర్యామ్ కొనాలి.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడప దగ్గర కూర్చుని స్టీఫెన్ చెప్పులు తుడుస్తోంది. మా ఇంటికి మగ్గం అర్రే ముందర్ర. కుక్కలు ఎత్తుకుపోతాయని మేం చెప్పులు గడప లోపలే, గోడ వారగా విడుస్తాం. చిన్నప్పుడు ఎవరు ఇంట్లో ఉన్నారో, ఎవరు లేరో చెప్పులే చెప్పేవి. పొద్దుగూకితే వంటింట్లోంచి అమ్మ కేక: "తమ్ముని చెప్పులున్నయా సూడు." ఉంటే సరే. లేకపోతే వాడింకా ఆటలోంచి రాలేదని. "అన్నం మీద మూత పెట్టు" అనేది అప్పుడు.

ఇప్పుడు చెప్పులున్నాయి. రోజూ తుడిచి, జత కలిపి, బొటనవేళ్లు గోడ వైపు పెడుతుంది. మనిషి లోపలే ఉన్నట్టు. నేనేమీ అనను. బాపూ అనడు. గొట్టం చూపు కదా, చాలాసార్లు వాటిని తన్నుకుంటాడు. తన్నుకున్నప్పుడల్లా వంగి, తడిమి, మళ్లీ జత కలుపుతాడు.

19 మార్చి

మధ్యాహ్నం మీసేవలో జనం లేక బల్ల మీద తల వాల్చాను. కాశిబుగ్గ మొత్తం తేలుతోంది. ఇళ్ల కింద మబ్బులు, మగ్గాల గుంటల్లోంచి కిందికి చూస్తే దూరంగా పచ్చటి మడికట్లు. ఎవరో దారం పట్టుకుని పైకి వస్తున్నారు, దారం బిగుసుకుంటోంది, నా చేతికి కోసుకుంటోంది. ఒకాయన వచ్చి ఆధార్ జిరాక్స్ అడిగాడు.

జిరాక్స్ వంకరగా తీశాను.

22 మార్చి, శనివారం

నడిచింది. ఎస్‌ఎంపీఎస్ మారింది, ర్యామ్ వచ్చింది, సాకెట్ కోసం చిన్న కార్డు ఒకటి పెట్టాం. ఆట మొదటి పేజీ వచ్చింది, తెల్లటి మబ్బులు, ఒక గాలిపటం. వేడికి డబ్బా పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. అర్రంతా మగ్గం ఆడుతున్న రోజుల్లా ఒకటే చప్పుడు. బాపు వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు.

అక్కడితో ఆపేశాను. లోపలికి పోలేదు. ముందు బాపు చూడాలి.

1 ఏప్రిల్, మంగళవారం

నిన్న రంజాన్ పండుగ. హనుమకొండలో వాళ్లమ్మ గౌసియా బేగం చేసిన షీర్ ఖుర్మా డబ్బాతో, భుజాన బ్యాగుతో కాశిఫ్ వచ్చాడు. బ్యాగులో స్టీఫెన్ హెడ్‌సెట్, కళ్లకు కట్టుకునే డబ్బా. ఆఫీసులో వాడు వాడినదే, కంపెనీ వాళ్లు ఇచ్చేశారట.

"పట్టీ ఇంక వాని తలకాయకు బిగించే ఉన్నదక్కా. నేను ఇప్పలే."

గడప దగ్గరి చెప్పులు తప్ప అర్ర ఖాళీ చేశాం. కాశిఫ్ పాదాలతో అడుగులు కొలిచి, గడపకు ఎదురుగా నిలబడి ఏదో బటన్ నొక్కాడు. ఇక్కడి గడప, అక్కడి గడప ఒకదాని మీద ఒకటి కూర్చోవాలట. "వాడు అంగుళం తేడా రానియ్యలే. ఎందుకురా గింత అంటే, మా బాపు గుడ్డిగ నడిచినా గోడకు తగలొద్దు అనెటోడు."

హెడ్‌సెట్‌ను మొహానికి ఆనించుకుని కాశిఫ్ అర్రలో నెమ్మదిగా తిరిగాడు. మగ్గం ఉండే చోట పక్కకు తప్పుకుని నడిచాడు. అక్కడ ఏమీ లేదు, పలకలు తప్ప. తీసి మొహం మోచేత్తో తుడుచుకుని, "మస్తు క్లియరున్నది. సూస్తవా అక్కా?" అన్నాడు.

"ముందు బాపు."

మానిటర్ ఎందుకు ఆపావని అడిగాడు. అందులో చూసేవాళ్లు ఏం చూస్తున్నారో తెలుస్తుందట. ఎస్‌ఎంపీఎస్ మీద బరువు ఎందుకని ఆపానన్నాను. "మానిటర్‌ది వేరే ప్లగ్గు కద అక్కా," అన్నాడు. ఆ మాట విననట్టు షీర్ ఖుర్మా గిన్నెల్లో పోశాను.

బాపును కూర్చోబెట్టే లోపు గాలిదుమారం లేచి కరెంటు పోయింది. చూసి చూసి కాశిఫ్ బస్సుకు పోయాడు. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో చెప్పి, "రీచార్జ్ అయిపోయే దాక ఫోన్ చెయ్యి, ఫికర్ లేదు" అని పోయాడు.

6 ఏప్రిల్, ఆదివారం

చూశాడు. బాపు చూశాడు.

పట్టీ వదులు చెయ్యాల్సిన అవసరమే రాలేదు. ఇద్దరి తలలూ ఒకటే కొలత. అర్ర నడిమిట్ల నిలబెట్టి, మెనూ దాకా మానిటర్‌లో చూసి, 'కొనసాగించు' నొక్కి, మానిటర్ ఆపేసి, వచ్చి బాపు మొహం ముందు నిలబడ్డాను. డబ్బా కింద పెదాలు తప్ప ఏమీ కనబడటం లేదు. పెదాలు బిగుసుకున్నాయి. ఒకసారి ఇటు తిరిగాడు, ఒకసారి అటు.

"కనబడ్తాందా బాపు?"

బాపు ఒక చెయ్యి ముందుకు చాచి, మళ్లీ దింపేశాడు.

"కనబడ్తాంది," అన్నాడు చివరికి.

"ఏం కనబడ్తాంది?"

"మగ్గం. అచ్చం మనదే. ఎర్రపోగు, నీలంపోగు. సగం నేసి ఉన్నది. కిటికీల నుంచి ఎండ పడ్తాంది. మంచిగ చేసిండు బిడ్డా. మస్తుగ చేసిండు."

నేను ఏడ్చాను. అమ్మ వంటింటి గుమ్మం నుంచే "స్తోత్రం" అంది. నెలల తరబడి రేకులు కోసి, దుకాణాల చుట్టూ తిరిగి, కిషన్ రావుతో తగాదా పెట్టుకున్నందుకు ఫలితం దక్కింది. డబ్బా తీశాక బాపు కళ్లు తుడుచుకుని నా తల మీద చెయ్యి పెట్టాడు. ఇంత తృప్తిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

ఇక నేను చూడాల్సిన పని లేదు. చూడాల్సిన మనిషి చూశాడు.

10 ఏప్రిల్

మళ్లీ చూస్తావా అంటే బాపు కళ్లు అలిసినయి అన్నాడు.

13 ఏప్రిల్, ఆదివారం

మట్టలాదివారం. బాపు చర్చికి రాలేదు. ఈ మధ్య గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ముందు ఇట్లా నడిచేవాడు కాదు.

15 ఏప్రిల్

చుక్కల సీసా నిండుగా ఉంది. ఈపాటికి సగం కావాలి.

"బాపు, చుక్కలు ఎందుకు వేసుకుంటలేవు?"

"ఎందుకు బిడ్డా, దండుగ."

"దండుగేంది? డాక్టరమ్మ ఏమన్నది?"

"సూడాల్సింది సూసిన గద," అన్నాడు. అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

నాకు కోపం వచ్చింది. నేను ఇంత చేసింది కళ్లు కాపాడుకోమని, మూసుకోమని కాదు. గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగాను.

18 ఏప్రిల్, శుక్రవారం

గుడ్ ఫ్రైడే ఆరాధన మూడింటి దాకా. ఇంటికి వచ్చి, ఇక ఎవరూ చూడరు కదా, హెడ్‌సెట్ సర్ది కాశిఫ్‌కు పంపించేద్దామని తీశాను. అద్దాలు తుడుద్దామని కిటికీ దగ్గరికి తెచ్చాను. వెలుతురులో చూస్తే రెండు అద్దాల మీదా జిడ్డు. వేలితో దిద్దిన రెండు సిలువలు, చుట్టూ పాకిన నూనె.

హెడ్‌సెట్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా పోయాను.

"అమ్మా, దీనికి నూనె పెట్టినవా?"

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "పెట్టిన. కాశిఫ్ పోయిన రాత్రే పెట్టిన. లోపలి కార్డుకు వద్దంటివి. ఇవి కండ్లు గద. మీ బాపు కండ్లు మంచిగుండాలని ప్రార్థన చేసి రెండిటికీ పెట్టిన."

"నూనె పెడ్తే ఏం కనబడ్తదమ్మా?"

"మరి కనబడ్డదనె గద మీ బాపు."

నిజమే. కనబడ్డదనె. ఎర్రపోగు, నీలంపోగు, ఎండ.

బాపు దగ్గరికి పోయాను. మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చున్నాను.

"ఆ ఆదివారం నాడు దీంట్ల నీకు ఏం కనబడ్డది? నిజం చెప్పు."

"పొగ. తెల్లటి పొగ. వెలుగుల చుట్టూ రంగుల గీతలు. డాక్టరమ్మ చెప్పలేదా అట్ల కనబడ్తే అయిపోయినట్టేనని. డబ్బా తీస్తే ఇంత కనబడ్డది గని, గది గూడ ఇయ్యాల్నో రేపో పోతదనుకున్న."

"మరి మగ్గం అంటివి. నేత అంటివి."

"నువ్వు ఎదురుంగ నిలవడ్డవు. ఊపిరి గూడ పీలుస్తలేవు. ఎట్ల చెప్పుదు బిడ్డా, ఏం కనబడ్తలేదని."

డాక్టరమ్మ వెంటనే రమ్మంటే ఆయన అయిపోయినట్టేనని విన్నాడు. అందుకే చుక్కలు మానేశాడు. పోయే కళ్లకు మందెందుకని. అమ్మ ఆయన కోసం నూనె పెట్టింది, ఆయన నా కోసం అబద్ధమాడాడు, నేను ఆయన కోసం రేకులు కోశాను. ముగ్గురం కలిసి ఉన్న చూపును ఆర్పుకుంటున్నాం.

"అది నీ కండ్లు కాదు బాపు. అది అమ్మ నూనె."

మొదట అర్థం కాలేదు. హెడ్‌సెట్ చేతికిచ్చి అద్దం మీద ఆయన వేలు పెట్టించాను. వేలు రుద్దుకుని చూసుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత నవ్వాడు. పొట్ట కదిలేటట్టు నవ్వాడు. ఆగస్టు నుంచి ఈ ఇంట్లో ఎవరూ అట్లా నవ్వలేదు. అమ్మ మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను, గుడ్ ఫ్రైడే నాడు రెండూ సరిపోతాయి.

చుక్కలు నేనే వేశాను. ఎప్పుడూ లేనిది, కళ్లు పెద్దగా తెరిచి వేయించుకున్నాడు.

19 ఏప్రిల్, శనివారం

దవాఖాన. చుక్కలు మానినందుకు కొంత పోయింది. గొట్టం ఇంకొంచెం సన్నబడింది. డాక్టరమ్మ నన్నే తిట్టింది. తిట్టించుకున్నాను. మిగిలింది ఉందంది. ఎన్నాళ్లు అంటే చెప్పలేనంది.

కాశిఫ్‌కు ఫోన్ చేశాను. అద్దాలను కళ్లజోడు తుడిచే మెత్తటి బట్టతో, పొడిగా తుడవమన్నాడు. నూనె కథ విని ముందు నవ్వాడు, తర్వాత గొంతు మారింది. "స్టీఫెన్ ఉంటే గీ ముచ్చట ఆఫీసంత చెప్పుకుంట తిరుగుతుండె అక్కా."

20 ఏప్రిల్

పునరుత్థాన పండుగ. పలావు. ముగ్గురం తిన్నాం.

26 ఏప్రిల్, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. రేపటికి నేనే మార్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

పొద్దున పదకొండు దాటాక, కిటికీలోంచి ఎండ పలకల మీద పడే వేళ బాపును నిలబెట్టాను. మానిటర్ ఆపాను. 'కొనసాగించు' నొక్కాను.

ఈసారి పెదాలు బిగుసుకోలేదు. నెమ్మదిగా తెరుచుకున్నాయి. టార్చిలైటు వేసి చీకట్లో వెతుకుతున్నట్టు తలను కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఒక్కొక్క వస్తువు దగ్గరా ఆగుతూ చూశాడు.

"మగ్గం ఉన్నది," అన్నాడు. ఈ 'ఉన్నది' వేరే. "నేత ఉన్నది. పసుపుపచ్చ పోగు."

"ఎర్రది, నీలం అంటివి గద."

"ఆనాడు చెప్పింది నా మగ్గం. ఇది వానిది. నేను పసుపుపచ్చ ఎన్నడు ఎయ్యలే. దుమ్ము పడ్తే ఆగదని. వాడు అడిగేటోడు, బాపు, పసుపుపచ్చది ఒక్కటి నెయ్యే అని."

చెయ్యి ముందుకు చాచాడు. వేళ్లు గాలిలో మగ్గం పలక పొడవునా జరిగాయి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాయి. అమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి లోపలికి పోయింది. ఫ్యాన్ హోరు. బాపు కిటికీ వైపు తిరిగాడు, మబ్బులు పోతున్నాయన్నాడు. గోడ వైపు తిరిగాడు, మీ అమ్మ క్యాలెండరన్నాడు. రాట్నం ఉంది, కండె సగం చుట్టి ఉందన్నాడు. కండెలు చుట్టేది నేను. సగంలో వదిలి పారిపోయేదీ నేనే. నేను ఆయన చెప్పేది వింటూ చేతులు నలుపుకుంటున్నాను.

చివరికి గడప వైపు తిరిగాడు. అక్కడే ఆగిపోయాడు.

"చెప్పులున్నయి," అన్నాడు.

"ఎవ్వలియి?"

"నాయి. మీ అమ్మయి. నీయి గూడ ఉన్నయి బిడ్డా. చిన్నప్పటియి. నీలం రబ్బరువి, పట్టీ తెగితె పిన్నీసు పెట్టుకుంటివి సూడు, అవ్వి. పిన్నీసు గూడ పెట్టిండు."

నేను గడప దగ్గరికి నడిచాను.

"వానియి?" అని అడిగాను.

బాపు తలను గడప ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"వానియి లేవు."

డబ్బా తీసి రెండు చేతులతో నా వైపు చాచాడు. "నువ్వు సూడు. నాకు ఒక్కొక్కటే కనబడ్తాంది. నువ్వు మొత్తం సూడు."

నేను వద్దన్నాను. పట్టీ వాడి తలకు ఉందన్నాను. పొయ్యి మీద కూర ఉందన్నాను. నేను చూడటానికి కాదు, నీకోసం చేశానన్నాను.

"నాకోసమైతే నేను అడగాలె గద బిడ్డా. నేను ఎన్నడన్న అడిగిన్నా?" అన్నాడు బాపు. మెత్తగానే అన్నాడు. "పట్టీ ఇప్పకు. చేత పట్టుకో."

చేత పట్టుకుని మొహానికి ఆనించుకున్నాను. లోపల దూదిలో కొంచెం కొబ్బరినూనె వాసన, వాడి తల వాసన.

తెల్లటి వెలుగు, తర్వాత అర్ర. నేను నిలబడ్డ అర్రే, కానీ మగ్గంతో నిండి ఉంది. గోడలకు వెల్ల కొత్తగా ఉంది. పసుపుపచ్చ నేత మీద ఎండ పడి గోడలన్నీ ఆ రంగు తాగాయి. తలుపు బార్లా తీసి ఉంది. తలుపు అవతల వాడకట్టు లేదు, మబ్బులు, మబ్బుల నడుమ దూరంగా ఇంకో ఇల్లు, దాని కిటికీలో దీపం. తలుపు గొళ్లానికి గాలిపటం దారం కట్టి ఉంది. రెండో కొస మబ్బుల్లోకి పోయింది. అప్పుడప్పుడు అది బిగుసుకుంటోంది, అటువైపు ఎవరో పట్టుకుని ఉన్నట్టు.

గడప దగ్గర చెప్పులు. బాపువి పెద్దవి, అమ్మవి మడమ అరిగినవి, నావి నీలం రంగువి. పిన్నీసు మెరుస్తోంది. వాటి పక్కన, గోడ వారగా, ఒక జత పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

నేను కూర్చున్నాను. ఒక చేత్తో డబ్బా పట్టుకుని ఇంకో చేత్తో ఆ ఖాళీని తడిమాను. చేతికి రబ్బరు తగిలింది. చల్లగా, తుడిచి పెట్టినట్టు నున్నగా. కళ్లకు ఏమీ లేదు. వేళ్ల కింద స్టీఫెన్ చెప్పులు, బొటనవేళ్లు గోడ వైపు.

తీయలేదు. అట్లాగే చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు, ఇది నా డైరీయే కదా. డబ్బాలో కన్నీళ్లు అద్దాల మీద పడి మబ్బులు, దీపం, దారం అన్నీ మసకబారాయి.

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. మా మాటలన్నీ వింటూనే ఉంది కాబోలు.

"కీర్తనా, తమ్ముని చెప్పులున్నయా సూడు."

చేతిని కదపలేదు.

"లేవమ్మా. ఇంకా రాలే."

ఫ్యాన్ తిరుగుతోంది. బాపు చెయ్యి నా భుజం మీదికి వచ్చింది.

"వస్తడు తియ్యి," అంది అమ్మ. "అన్నం మీద మూత పెట్టు."

డబ్బా తీసి బాపు చేతికిచ్చి, లేచి పోయి మూత పెట్టాను.